చేతులు మారే అంకెలు: ఒక నెట్‌వర్క్ ఇంజనీరు డైరీ

ఫిబ్రవరి 3, 2025

2011లో ఇదే తేదీన మయామీలో ఒక వేడుక జరిగింది. ప్రపంచానికంతటికీ ఇంటర్నెట్ చిరునామాలు పంచే ఐయానా తన దగ్గర మిగిలిన చివరి ఐదు పెద్ద బ్లాకుల్ని ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు తలా ఒకటి ఇచ్చేసింది. ఉత్తర అమెరికాకు ఆరిన్, యూరప్‌కూ పశ్చిమాసియాకూ రైప్, లాటిన్ అమెరికాకు లాక్నిక్, ఆఫ్రికాకు ఆఫ్రినిక్, మన ఆసియా-పసిఫిక్‌కు ఏప్నిక్. ఆ రోజుతో కొట్టు ఖాళీ.

ఈ చిరునామాల పాత పద్ధతి ఐపీవీ4లో ఉన్నదే 429 కోట్ల 49 లక్షల చిల్లర చిరునామాలు. వాటిలో పదుల కోట్లు ప్రత్యేక అవసరాలకు పక్కన పెట్టినవి. మనిషికొకటి చొప్పున పంచినా చాలవు.

అప్పటినుంచి అసలు ప్రశ్న మారిపోయింది. ఎవరికి ఎంత ఇవ్వాలి అన్న మాట పోయి, ఒకరి దగ్గరున్నది ఇంకొకరి చేతికి ఏ షరతు మీద పోవాలి అన్నది మిగిలింది. నేను పనిచేసేది కృష్ణా, గుంటూరు జిల్లాల్లోని చిన్న ఇంటర్నెట్ ప్రొవైడర్లకు. ఎక్కువమంది కేబుల్ టీవీ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల బతుకుతెరువు ఈ షరతు మీద ఎంత ఆధారపడి ఉందో వాళ్లకే పూర్తిగా తెలియదు. తెలియాలని ఈ ఏడాది రాసిపెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 9

తెనాలి వైపు ప్రొవైడర్ ఫోన్ చేశాడు.

“అన్నా, మళ్లీ అదే కంప్లైంటు. కొడుకు డల్లాస్‌లో ఉంటాడంట. ఇంటి కెమెరాలు అక్కణ్ణుంచి కనపడట్లేదంట. పాత డీవీఆర్. పబ్లిక్ ఐపీ ఇస్తావా, కనెక్షన్ తీసెయ్యనా అంటున్నాడు పెద్దాయన.”

“నీ దగ్గర ఖాళీ ఉన్నాయా?”

“ఎక్కడివన్నా? ఉన్నవి 1024. రూటర్లకీ, సర్వర్లకీ, బ్యాంకులకీ, ఆస్పత్రులకీ పోను మిగిలినవన్నీ నాట్‌కే పెట్టా.”

నాట్ అంటే ఇదే: ఇలాంటి ప్రొవైడర్ ఒక్క పబ్లిక్ చిరునామా వెనక ముప్ఫై, అరవై ఇళ్లను పెడతాడు. ఒక చిరునామాకు 65,536 పోర్టులు. ఇంటికి వెయ్యో రెండు వేలో కేటాయిస్తే లెక్క అక్కడికే వస్తుంది. లోపలి వైపు వాడుకోవడానికి 2012లో 100.64తో మొదలయ్యే ప్రత్యేక శ్రేణిని కూడా కేటాయించారు. అంటే ఈ ఇరుకు ఏదో ఒక ఊరి సమస్య కాదు. కొరత ఉంటుందని ముందే ఒప్పుకుని, దానికి తగ్గట్టు ప్రమాణం రాసుకున్నారు.

బయటికి వెళ్లడానికి ఇబ్బంది లేదు. బయటినుంచి ఎవరైనా ఇంట్లోకి రావాలంటేనే దారి ఉండదు. ఆ పెద్దాయనకు కావలసింది సరిగ్గా అదే.

ఫిబ్రవరి 11

నాట్‌కు ఇంకో ఖర్చు ఉంది. పోలీసుల నుంచి లేఖ వస్తుంది: ఫలానా సమయంలో ఫలానా చిరునామా వాడింది ఎవరు? ఆ చిరునామా వెనక అరవై ఇళ్లున్నాయి. పోర్టు నంబరు, సెకను దాకా సమయం ఉంటే తప్ప చెప్పలేం. టెలికం శాఖ లైసెన్సు షరతుల్ని 2021 డిసెంబర్‌లో సవరించి ఇలాంటి రికార్డుల్ని కనీసం రెండేళ్లు దాచమంది. ప్రతి ఇంటి ప్రతి కనెక్షన్‌కూ ఒక వరుస! చిరునామాలు కొనుక్కోలేని ప్రొవైడర్ ఆ డబ్బు హార్డ్ డిస్కులకు పోస్తున్నాడు. పైగా ఒక ఇంట్లో ఎవరో చేసిన పనికి ఆ చిరునామా స్పామ్ జాబితాలో పడితే, మిగతా ఇళ్లన్నీ వెబ్‌సైట్లలో ట్రాఫిక్ లైట్ల బొమ్మలు గుర్తుపడుతూ కూర్చోవాలి.

మార్చి 1

మొదట్లో ఈ అంకెల లెక్కంతా జాన్ పోస్టెల్ అనే ఒకే మనిషి చూసేవాడు. కాలిఫోర్నియాలో పరిశోధకుడు. ఏ నంబరు ఎవరికిచ్చారో రాసిపెట్టి, ఆ జాబితాను అప్పుడప్పుడు ప్రచురించేవాడు. 1998 అక్టోబర్‌లో పోయాడు. అడిగినవాళ్లకు ఇచ్చేవాడు, ఎందుకంటే అడిగేవాళ్లే తక్కువ. ఎంఐటీకి 18తో మొదలయ్యేవన్నీ. ఫోర్డ్ కార్ల కంపెనీకి 19తో మొదలయ్యేవన్నీ. అలాంటి ఒక్క బ్లాకులో 1 కోటి 67 లక్షల చిరునామాలు. డబ్బు అడగలేదు, ఒప్పంద పత్రాలూ లేవు. ఆ రోజుల్లో మన ఊళ్లలో ఫోన్ కనెక్షన్ కోసమే ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లం.

స్టాన్‌ఫర్డ్ తన బ్లాకును 2000లో తిరిగి ఇచ్చేసింది. డబ్బు తీసుకోలేదు. అక్కరలేదు కనక ఇచ్చింది. ఎంఐటీ 2017లో లెక్క చూసుకుంది. 1 కోటి 40 లక్షలు ఎప్పుడూ వాడనేలేదని తేలింది. కనీసం 80 లక్షలు మిగులేనని అమ్మకానికి పెట్టింది. కొన్నది అమెజాన్. రేడియో అభిరుచి గలవాళ్ల కోసం 1981లో ఇచ్చిన 44 బ్లాకులో పావు వంతు 2019లో అమెజాన్‌కే పోయింది, 10 కోట్ల డాలర్లకు పైగా ధరకు. ఆ డబ్బును అమ్మిన సంస్థ పరిశోధనకూ రేడియో విద్యకూ గ్రాంట్లుగా ఇస్తోంది. ఆ పని మంచిదే. నన్ను పట్టి పీడించేది వేరే సంగతి. ఉచితంగా వచ్చింది పెద్ద ధరకు పోయింది, పోయింది కూడా అతిపెద్ద కొనుగోలుదారు దగ్గరికే. ఆలస్యంగా వచ్చిన చిన్నవాడికి ఆ వరుసలో చోటు దొరకలేదు.

మార్చి 23

నార్టెల్ కేసు మళ్లీ చదివాను. కెనడా టెలికం కంపెనీ దివాలా తీసింది. ఆస్తులు అమ్ముతుంటే ఆ జాబితాలో 6,66,624 ఐపీ చిరునామాలూ కనిపించాయి. 2011 మార్చిలో మైక్రోసాఫ్ట్ 75 లక్షల డాలర్లకు కొంటానంది. చిరునామా ఒక్కింటికి 11 డాలర్ల 25 సెంట్లు.

అమెరికాలోని దివాలా కోర్టుకు ఇది మామూలు ఆస్తి అమ్మకం. ఆరిన్‌కు మాత్రం ప్రాణసంకటం. రిజిస్ట్రీని పక్కనబెట్టి కోర్టు అమ్మేస్తే ఆ తర్వాత, ఏది ఎవరిదో రాసిపెట్టే దాని పుస్తకానికి ఏం విలువ ఉంటుంది? చివరికి రాజీ కుదిరింది. మైక్రోసాఫ్ట్ ఆరిన్‌తో రిజిస్ట్రేషన్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. బదిలీ నియమానికి లోబడే జరిగిందని ఆరిన్ ప్రకటించింది.

ఆ రాజీ వల్ల బయటపడిన సత్యం ఒకటుంది. చిరునామా చేతిలో పట్టుకునే వస్తువు కాదు. పుస్తకంలో నా పేరు ఉంది కనక, ప్రపంచంలోని రూటర్లు ఆ పుస్తకాన్ని నమ్ముతాయి కనక, అది నాది. పుస్తకం అబద్ధమాడిన రోజున నేను డబ్బు పోసి కొన్నది ఉత్త అంకె. అందుకే బదిలీకి నియమం రాసేవాడు ముందు పుస్తకం నిజం చెబుతుందా అని చూడాలి. ధర సంగతి ఆ తర్వాతే.

ఏప్రిల్ 15

ఏప్నిక్ తన చివరి బ్లాకులోకి అడుగుపెట్టిన రోజు, 2011. 103తో మొదలయ్యేది. మన చిన్న ప్రొవైడర్లలో చాలామంది చిరునామాలు 103తోనే మొదలవడానికి కారణం ఇదే. అప్పుడు పెట్టిన నియమం గొప్పది, దాన్ని రాసినవాళ్లకు దణ్ణం పెట్టాలి. ఎంత పెద్ద కంపెనీ అయినా సరే, ఈ బ్లాకులోంచి 1024కు మించి ఇవ్వరు. 2019లో దాన్ని 512కు తగ్గించారు, రాబోయేవాళ్లకు మిగలాలని. మన దేశంలో నిక్సీ కింద 2012లో మొదలైన జాతీయ రిజిస్ట్రీ ఇరిన్ ద్వారా ఈ చిరునామాలే జిల్లా కేంద్రాల దాకా వచ్చాయి. తెనాలి, భీమవరం, సూర్యాపేట లాంటి ఊళ్లలో ఇవాళ సొంత పేరుతో ప్రొవైడర్లు ఉన్నారంటే ఆ 1024 పుణ్యమే.

తర్వాత దొంగ ఎత్తులు మొదలయ్యాయి. కొత్త పేరుతో కంపెనీ పెట్టడం, వాటా తీసుకోవడం, అమ్మెయ్యడం. దాంతో 103 బ్లాకులోంచి ఇచ్చినవి ఐదేళ్లు నిండేదాకా బదిలీ చెయ్యకూడదని నిషేధం పెట్టారు.

ఇది చదివినప్పుడల్లా మన అసైన్డ్ భూములు గుర్తొస్తాయి. భూమి లేనివాడికి సర్కారు ఎకరమో రెండెకరాలో పట్టా ఇస్తుంది. నాలుగు రోజులు తిరక్కుండానే ఊళ్లో మోతుబరి అప్పు కిందో, నోటిమాట మీదో దాన్ని లాక్కుంటాడు. 1977లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఈ బదిలీల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అమ్మినా చెల్లదు, భూమి వెనక్కి తీసుకుని మళ్లీ పేదవాడికే ఇవ్వాలంది. ఆ చట్టంలో నాకు బాగా నచ్చే వివేకం ఒకటుంది. చట్టం రాకముందే, తనకూ భూమి లేని ఒక పేదవాడు సదుద్దేశంతో డబ్బిచ్చి కొనుక్కుని ఉంటే అతణ్ణి కదపలేదు. అంటే అమ్మకం జరిగిందా లేదా అన్న దగ్గర ఆగలేదు. కొన్నవాడెవడు అని అడిగింది.

ఆ చట్టం ఎంత అమలైందో మనకు తెలుసు. రికార్డులో ఒకరి పేరు, దున్నేది ఇంకొకరు. పట్టాదారు పేరు పాసు పుస్తకంలో అలాగే ఉంటుంది, పొలం మటుకు ఎప్పుడో చేతులు మారి ఉంటుంది. ఊరందరికీ తెలుసు, రికార్డుకు మాత్రం తెలియదు. 2023లో సవరణ తెచ్చి ఇరవై ఏళ్లు నిండినవాళ్లకు పూర్తి హక్కులు ఇస్తామన్నారు. దాని మంచి చెడ్డల మీద ఊళ్లలో ఇంకా వాదనలే.

ఐపీల విషయంలోనూ ఈ రెండు భయాలూ నిజమే. బదిలీని పూర్తిగా వదిలేస్తే ఉన్నవాడు ఊడ్చుకుపోతాడు. పూర్తిగా బిగిస్తే చాటుమాటున చేతులు మారతాయి, పుస్తకం అబద్ధమైపోతుంది. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గియ్యాలి? నా సమాధానం ఆ 1977 చట్టం అడిగిన ప్రశ్నలోనే ఉంది. కొనేవాడెవడు, ఎవరికోసం కొంటున్నాడు?

ఏప్రిల్ 18

కొనేవాడు తన అవసరం నిరూపించాలన్న షరతు ప్రతి రిజిస్ట్రీలోనూ ఒక్కో దారి పట్టింది. ఆరిన్ ఇప్పటికీ అడుగుతుంది: రాబోయే 24 నెలల్లో ఎన్ని వాడతారో చూపించు. రైప్ 2014 నాటికి ఆ షరతును తీసేసింది, కొన్నదాన్ని 24 నెలలదాకా మళ్లీ అమ్మకూడదన్న నియమం మాత్రం ఉంది. ఏప్నిక్ మధ్యలో ఊగింది. 2011లో చివరి బ్లాకు రాగానే షరతు పోయింది, ఆ ఏడాదే తిరిగి వచ్చింది. కారణం బయటిది. అమెరికాలో బోలెడన్ని మిగులు చిరునామాలున్నాయి. అవసరం అడగని ప్రాంతానికి వాటిని పంపేది లేదని ఆరిన్ నియమం. అవి కావాలంటే ఇక్కడా అవసరం అడగాల్సిందే.

రైప్‌కూ ఇదే గతి పట్టింది. అమెరికా నుంచి వచ్చే బ్లాకులకు మాత్రం, సగమైనా ఐదేళ్లలో వాడతామని ప్రణాళిక ఇమ్మంటుంది.

అంటే అమ్మే వైపు షరతు కొనే వైపు పుస్తకాన్ని కూడా దిద్దింది. షరతు పెట్టే సత్తా ఎవరిదంటే, సరుకున్నవాడిది.

మే 11

“అవసరం అడిగితే ఏమవుతుంది? అబద్ధం రాస్తారు, అంతేగా” అని పాత సహోద్యోగి వాదన. అతనికి అమీర్ గోలెస్తాన్ కేసు చెప్పాను. దక్షిణ కరోలినాలోని మిక్ఫో కంపెనీ యజమాని. లేని కంపెనీలు సృష్టించాడు. వాటికి లేని అధికారుల్ని పెట్టాడు. ఆ పేర్లతో ఆరిన్ నుంచి ఏడున్నర లక్షలకు పైగా చిరునామాలు రాబట్టాడు. 2019లో అభియోగాలు నమోదయ్యాయి. 2021లో నేరం ఒప్పుకున్నాడు. 2023లో ఐదేళ్ల శిక్ష పడింది.

“చూశావా, అబద్ధం రాశాడు” అన్నాడు సహోద్యోగి.

రాశాడు. రాసినందుకే దొరికాడు. ఏమీ అడగని చోట అబద్ధం చెప్పాల్సిన పనే లేదు, దొరకబుచ్చుకోవడానికీ ఏమీ ఉండదు. ఫారంలో అడిగిన ప్రశ్నే తర్వాత కోర్టులో సాక్ష్యమైంది. అభియోగాలు నమోదైన 2019లోనే ఆరిన్ వెయిటింగ్ లిస్టు పద్ధతినే ఆపి, మార్చి రాసింది: వరుసలో నిలబడ్డవాడికి 1024కు మించి లేదు, ఆ వచ్చినదాన్ని 60 నెలలదాకా బదిలీ చెయ్యడానికి లేదు.

జూన్ 25

ఆఫ్రినిక్ బోర్డు ఎన్నిక ఆగిపోయిందని వార్త. ఒక పవర్ ఆఫ్ అటార్నీ మీద వివాదం. ఒకరి తరఫున ఇంకొకరు ఓటు వెయ్యడానికిచ్చే అధికార పత్రం అది. దాంతో ఓటింగ్ నిలిపేశారు. మనసు చివుక్కుమంది.

కథ పాతది. సీషెల్స్‌లో నమోదైన క్లౌడ్ ఇన్నొవేషన్ అనే కంపెనీ 2013, 2016 మధ్య ఆఫ్రికా వాటాలోంచి 62 లక్షల చిరునామాలు తీసుకుంది. వాటిని ఎక్కువగా ఆఫ్రికా బయటి ఖాతాదారులకు లీజుకిస్తోంది, ముందు చెప్పిన అవసరానికి వాడటం లేదు అని ఆఫ్రినిక్ అభ్యంతరం పెట్టి, వెనక్కి తీసుకోబోయింది. మా ఒప్పందంలో అలాంటి నిషేధం లేదని కంపెనీ మారిషస్ కోర్టుకెళ్లింది. 2021 జూలైలో రిజిస్ట్రీ బ్యాంకు ఖాతాల్నే కోర్టు స్తంభింపజేసింది. జీతాలివ్వడానికి కటకట. 2022లో బోర్డుకు కోరం పోయింది. 2023లో కోర్టు రిసీవర్‌ను పెట్టింది. ఒక ఖండం చిరునామాల పుస్తకం ఏళ్ల తరబడి న్యాయవాదుల చేతుల్లో ఉండిపోయింది.

ఎవరిది తప్పో తేల్చేది కోర్టు. నన్ను కుదిపేది నియమం రాసిన తీరు. చిరునామాలు ఇచ్చేటప్పుడు ఎక్కడ వాడాలి, లీజుకివ్వచ్చా, మారితే ఏం చెయ్యాలి అన్నది ఇద్దరూ ఒకేలా చదివే వాక్యాల్లో లేకపోతే, ఆ ఖాళీలోంచి వ్యాజ్యం పుడుతుంది. చిరునామాలు ఆఫ్రికా బయటికి బదిలీ చెయ్యడానికి నియమం కూడా లేదక్కడ. బదిలీకి తలుపు మూసి ఉంది. లీజు కిటికీ తెరిచి ఉంది. నష్టపోతున్నది లాగోస్‌లోనో, కంపాలాలోనో మా తెనాలి తమ్ముడిలాంటి చిన్న ప్రొవైడర్. వాడు నాకు తెలియదు. వాడి కష్టం మాత్రం తెలుసు.

జూలై 6

తెనాలి ప్రొవైడర్ 256 కొందామంటున్నాడు. దానికంటే చిన్న ముక్క కొన్నా ఇంటర్నెట్‌లో ఎవరూ దారి ఇవ్వరు. అదే కనీస పరిమాణం.

ధరలు ఒక్క తీరుగా నడవలేదు. 2011లో 11 డాలర్లు. 2021లో 50 దాటింది. తర్వాత దిగింది. ఇప్పుడు ఒక్కోటి ముప్ఫై డాలర్ల చుట్టుపక్కల అనుకున్నా, మొత్తానికి ఆరున్నర లక్షల రూపాయలు. నెలకు ఐదారు వందల బిల్లు కట్టే ఇళ్లు ఎన్ని కలిస్తే అంత డబ్బు?

“లీజుకు తీసుకుందామా అన్నా? చవగ్గా వస్తాయంట.”

“ఎవరి దగ్గర?”

“బ్రోకర్ చెబుతున్నాడు. పేరు మనది ఉండదంట, వాడుకోడానికి ఇస్తారంట.”

వద్దన్నాను. అందరికీ వద్దనను. ఆర్నెల్లకు సర్వర్లు నడిపేవాడికి లీజు సరిపోతుంది. ఊరికి పదేళ్లు కనెక్షన్ ఇవ్వాలనుకునేవాడి చిరునామా వేరేవాడి పేరు మీద ఉంటే, అద్దె పెంచిన రోజు ఆస్పత్రి వీపీఎన్ దగ్గర్నుంచి బ్యాంకు ఫైర్‌వాల్ దాకా అన్నీ మార్చుకోవాలి.

జూలై 20

అవసరం చూపే కాగితాలు ఇద్దరం కూర్చుని రాశాం. ఎన్ని ఇళ్లు, నెలకు ఎన్ని పెరుగుతున్నాయి, ఎన్ని స్టాటిక్ ఐపీ అభ్యర్థనలు పెండింగ్‌లో ఉన్నాయి, నాట్‌లో చిరునామాకు ఎన్ని ఇళ్లు. ల్యాబులు, సహకార బ్యాంకు శాఖలు, కోల్డ్ స్టోరేజీల కెమెరాలు, రైస్ మిల్లుల వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్. మూడు పేజీలయింది. అతను ఇదివరకు ఇలా ఎప్పుడూ లెక్క కట్టుకోలేదు. పేజీలు చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత “అన్నా, 256 కూడా చాలవు కదా” అన్నాడు.

చిన్నవాణ్ణి ఈ కాగితాలు ఇబ్బంది పెడతాయంటారు కొందరు. పెట్టవు. ఇళ్లున్నవాడికి ఇది ఒక్క సాయంత్రం పని. ఇళ్లు లేకుండా నిల్వ పెట్టుకుందామనుకునేవాడికే కష్టం. ఉండనీ!

ఆగస్టు 3

కొనేముందు చూడాల్సినవి, అతనికోసం రాసిచ్చాను. ఇదివరకు ఎవరు వాడారు, స్పామ్ జాబితాల్లో ఉందా. ఆ బ్లాకు ఏ దేశంలో ఉన్నట్టు లొకేషన్ డేటాబేసులు చూపిస్తున్నాయి. ఇది తేలిగ్గా తీసుకోకూడదు. చిరునామా ఇంకా యూరప్‌లోనే ఉన్నట్టు చూపిస్తుంటే ఓటీటీలో సినిమా రాదు, బ్యాంకు యాప్ అనుమానిస్తుంది. ఈ చిరునామాలు ఫలానా నెట్‌వర్కువని చెప్పే ఆర్‌పీకేఐ ధ్రువపత్రాల్లో పాత యజమాని పెట్టినవి పోవాలి, మన పేరుతో కొత్తవి రావాలి. లేకపోతే జాగ్రత్తగా ఉండే నెట్‌వర్కులు మన ప్రకటనను తోసిపుచ్చుతాయి. రిజిస్ట్రీలో పేరు మారేదాకా డబ్బు మధ్యవర్తి ఎస్క్రోలోనే ఉండాలి.

బదిలీ నియమాల్లో వీటి గురించి దాదాపు ఏమీ ఉండదు. ఉండాలని నా వాదన. అమ్మేవాడు శుభ్రం చేసి అప్పజెప్పాలి అన్న ఒక్క వాక్యం చాలు, కొనే చిన్నవాడికి నెలల తిప్పలు తప్పుతాయి.

ఆగస్టు 17

అమెజాన్ క్లౌడ్ 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ చిరునామాకు గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. ఏడాదికి 43 డాలర్ల 80 సెంట్లు. ఇవాళ ఆ చిరునామా కొనే ధర కన్నా ఒక్క ఏడాది అద్దె ఎక్కువ.

కొత్త పద్ధతి ఐపీవీ6ను వాడమని తోసే ధర ఇదని వాళ్ల మాట. అందులో నిజముంది. కానీ పెద్ద నిల్వ ఉన్నవాడికి ప్రతి చిరునామా ఏటా ఎంత తెస్తుందో చూశాక, బదిలీలో ‘ఎవరికోసం’ అన్న ప్రశ్న వదిలేద్దామనే వాళ్లకు నేనేం చెప్పాలో నాకింకా స్పష్టంగా తెలిసింది.

సెప్టెంబర్ 10

ఏప్నిక్ 60వ సమావేశం ఈ వారం వియత్నాంలోని డానాంగ్‌లో. ఆన్‌లైన్‌లో చూస్తున్నాను.

చాలామందికి తెలియని విషయం: ఇక్కడ నియమం ఎవరైనా ప్రతిపాదించవచ్చు. సభ్యత్వం అక్కరలేదు. సమావేశానికి నాలుగు వారాల ముందు పంపాలి. చర్చ జరుగుతుంది. ఓట్లు లెక్కపెట్టరు. గట్టి అభ్యంతరాలేమైనా మిగిలాయా అని అధ్యక్షులు చూస్తారు. ఏకాభిప్రాయం ఉందంటే ఇంకో నాలుగు వారాలు వ్యాఖ్యలకు వదిలి, కార్యవర్గం ఆమోదానికి పంపుతారు. లీజును అవసరంగా ఒప్పుకోకూడదని 2022లో వచ్చిన ప్రతిపాదన ఈ ఏకాభిప్రాయం దగ్గరే ఆగింది.

ఇంత తెరిచిన తలుపు ఇంకెక్కడా చూడలేదు. లోపలికి వచ్చేవాళ్లు మటుకు ఎప్పుడూ దాదాపు వాళ్లే. పెద్ద కంపెనీల ప్రతినిధులు, బ్రోకర్లు, రిజిస్ట్రీల మనుషులు, ఏళ్ల తరబడి ఓపికగా వచ్చే కొందరు ఇంజనీర్లు. జిల్లా స్థాయి సి కేటగిరీ లైసెన్సువాళ్ల గొంతు వినబడదు. ఇంగ్లీషు భయం ఒకటి, ఫైబర్ తెగిందన్న ఫోన్లు ఒకటి. 2016 నవంబర్‌లో ఐయానాను నడిపే ఐకాన్ సంస్థ 57వ సమావేశం మన హైదరాబాద్‌లోనే జరిగింది, అమెరికా ప్రభుత్వ ఒప్పందం ముగిసి ఐయానా బాధ్యత ప్రపంచం చేతికి వచ్చిన కొద్ది వారాలకే. బస్సెక్కి వెళ్లిరాగలిగిన దూరమే. మా ప్రొవైడర్లలో ఎవరికీ అప్పుడు ఆ సంగతే తెలియదు. ఈసారి తెలియజెప్పడం నా పని.

సెప్టెంబర్ 14

ఆఫ్రినిక్‌లో ఆన్‌లైన్ ఎన్నిక జరిగి కొత్త బోర్డు వచ్చింది. ఊపిరి పీల్చుకున్నాను. వ్యాజ్యాలు ఉన్నాయి, కానీ సంతకం పెట్టేవాళ్లున్నారు.

మరోవైపు, రిజిస్ట్రీల గుర్తింపుకు ప్రమాణమైన 2001 నాటి పత్రాన్ని కొత్తగా రాస్తున్నారు. ఒక రిజిస్ట్రీ కుప్పకూలితే ఏం చెయ్యాలో పాతదాంట్లో లేదు.

అక్టోబర్ 5

“ఐపీవీ6 వచ్చేసిందిగా, ఇంకా ఈ పాత అంకెల గొడవెందుకు?” అడిగేవాళ్లది న్యాయమైన ప్రశ్నే. 2016లో జియో మొదలైనప్పటినుంచి మన దేశం ఐపీవీ6 వాడకంలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది. మొబైల్‌లో అది మామూలైపోయింది. ఊళ్లలోని ఫైబర్ ఇళ్లలో మాత్రం పాత రూటర్లు, పాత డీవీఆర్‌లు. అవతలి వైపు సర్వర్ పాతదైతే ఇవతల ఎంత కొత్తగా ఉన్నా పాత చిరునామా కావాల్సిందే. అది పోయేదాకా బదిలీ నియమం కొందరికి తలుపు, కొందరికి గోడ.

తెనాలిలో ఐపీవీ6 తొలి వీధి వెలిగింది. కొత్తగా పెట్టిన కెమెరాలు డల్లాస్ నుంచి నేరుగా తెరుచుకుంటున్నాయి. కొన్న 256 ఇంకా రిజిస్ట్రీ పరిశీలనలో ఉంది.

అక్టోబర్ 12

వచ్చే ఫిబ్రవరి ఏప్నిక్ సమావేశానికి ప్రతిపాదన రాస్తున్నాను: బదిలీ సేవలందించే ప్రొవైడర్‌కే జరగాలని. ముసాయిదా మూడోసారి మారుస్తున్నా చిక్కు అక్కడే: సేవలందించే ప్రొవైడర్ అంటే ఎవరు?

“తన చందాదారులకు తానే కనెక్షన్ ఇచ్చి, వాళ్లకోసం చిరునామాలు వాడేవాడు” అని రాశాను. లీజు వ్యాపారి ఇందులోకి రాడు. అదే నా ఉద్దేశం. కానీ హోస్టింగ్ కంపెనీ? దానికి ఇళ్లు లేవు, సర్వర్లున్నాయి, వాటిమీద నిజమైన వ్యాపారాలు నడుస్తున్నాయి. దాన్ని బయట పెడితే అన్యాయం. పెద్ద ప్రొవైడర్ ఫైబర్ మీద తన పేరుతో కనెక్షన్లు అమ్మే చిన్నవాడు? తీగ అతనిది కాదు, బిల్లు అతనిది. అతణ్ణి లోపల ఉంచాలి. పాల సహకార సంఘం తన సేకరణ కేంద్రాలన్నిటికీ సొంతంగా నెట్‌వర్క్ నడుపుకుంటే? లాభం లేదు, చందా లేదు, వాడకం ఉంది.

‘చందాదారులకు’ అన్న మాట తీసి, ‘ఆ చిరునామా వెనక తాను జవాబుదారీగా ఉన్న వాడుకదారులకు’ అని రాస్తే సహకార సంఘం ఇముడుతుంది, హోస్టింగ్ ఇముడుతుంది. అప్పుడు లీజు వ్యాపారి నేనూ జవాబుదారీనేనంటాడు. అనడం తేలికే. పోలీసు లేఖ వస్తే సెకను దాకా లాగ్ చూపించి ఇల్లు చెప్పగలడా? దాన్నే పరీక్షగా పెట్టొచ్చేమో. రికార్డు చూపించగలిగినవాడికే బదిలీ. మా ప్రొవైడర్లు ఆ లాగ్‌లు రెండేళ్లవి ఎటూ దాస్తూనే ఉన్నారు. అన్ని దేశాల చట్టాలకూ ఇది సరిపోతుందా అన్నది టోక్యో, జకార్తా ఇంజనీర్లను అడగాలి. ఆ పేరా ఖాళీగా ఉంచి, మిగతాది ఇవాళ రాత్రికి పూర్తిచేస్తాను.